మందు పడ్డ ఎలుకలకు పథ్యం

ఎలుకల ఇంట్లో ఊక మార్చే పని నాది. గుంటూరు నుంచి మంగళగిరి పోయే దారిలో, రోడ్డుకు లోపలగా ఒక ఫార్మసీ కాలేజీ ఉంది. దాని వెనక వరండా చివర రెండు గదులు. బయట బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరు రాసి ఉంటుంది. నేను మాత్రం ఎలుకల ఇల్లనే అంటాను. ఉండేవి ఎలుకలు, అది వాటి ఇల్లు, అందులో తప్పేముంది?

నడుం పోయేదాకా మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోశాను. నడుం పోయాక ఇక్కడ చేరాను. వయసు మీరిపోయిందని పంపించెయ్యడానికి రెండు మూడుసార్లు చూశారు గానీ, ఎలుకల మూత్రం కంపులో పొద్దున్నే వచ్చి నిలబడే మనిషి ఇంకొకడు దొరక్క ఉంచేశారు. నా చదువు మూడో తరగతి. తెలుగు బైబిలు నేర్పింది, ఇంగ్లీషు పురుగుమందు డబ్బాలు నేర్పాయి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. పొలం గట్ల మీద పారేసిన ఖాళీ డబ్బాల మీది కాగితాలు చింపి తెచ్చుకుని, పాత నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నాను. చేతికి తొడుగులు వేసుకోవాలనీ, గాలికి ఎదురుగా నిలబడకూడదనీ, ఒంటి మీద పడితే వెంటనే బట్టలు విప్పి కడుక్కోవాలనీ ఆ కాగితాల్లో చీమ తలంత అక్షరాల్లో ఉంటుంది. చదవలేనంత చిన్నగా అచ్చు వేసినవాడికి, అది మనం చదవకూడదని బాగా తెలుసు.

ఆ చదువు వల్లే మేడమ్ బల్ల మీది చిన్న సీసాను మొదటిరోజే గుర్తుపట్టాను. మేడమ్ అంటే ఆ గదుల్లో పరిశోధన చేయించే ఆవిడ. నలభై దాటి ఉంటాయి. నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. సీసా మీది మందు పేరుకు తోకలా ఉన్న ఇంటిపేరు, మా మిరప చేలల్లో డ్రమ్ముల్లో కలిపే డబ్బాల మీద ఉన్న ఇంటిపేరు ఒక్కటే.

"ఇది మా పొలాల్లో కొట్టేదే గదమ్మా?" అన్నాను.

ఆవిడ నా వంక తిరిగింది. "దాని కుటుంబమే బాబాయ్. నువ్వెలా కనిపెట్టావు?" అని, కుర్చీ లాగి నన్ను కూర్చోమంది. ఆ కాలేజీలో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఆవిడ.

ఆరోజు ఆవిడ చెప్పింది నాకు ఇప్పటికీ మాట పోకుండా గుర్తుంది. ఆ విషం సూదిమొనంత ఎక్కిస్తే ఎలుకకు ఫిట్స్ వస్తాయి. గంటకు పైగా ఆగకుండా కొట్టుకుంటుంది. అప్పుడు ఇంకో సూది వేసి ఆపుతారు. నాలుగు రోజులు ముడుచుకుని పడుంటుంది, తిండి ముట్టదు. ఆ తర్వాత లేచి తిరుగుతుంది. చూసినవాళ్ళెవరైనా బాగుపడిందనే అనుకుంటారు. కానీ లోపల మెదడు ఊరుకోదు. కొన్ని వారాలపాటు తనలో తాను ఏవో తీగలు తప్పుగా కలుపుకుంటూ ఉంటుంది. ఒకరోజు, ఏ విషమూ లేకుండా, ఎవరూ ముట్టుకోకుండా, ఫిట్ దానంతటదే వస్తుంది. ఇక అది జీవితాంతం పోదు.

"ఇప్పుడున్న మాత్రలన్నీ వచ్చే ఫిట్‌ని అణిచిపెడతాయి బాబాయ్. జబ్బు తయారవడాన్ని ఆపే మందు ఒక్కటీ లేదు. మనం వెతుకుతున్నది అది," అంది.

మనం అంది. ఊక మార్చేవాణ్ణి కూడా కలుపుకుని అంది. నేను ఆ మాటకు పడిపోయాను.

అంతవరకు అది ఎలుకల సంగతి. ఆ ఏడు క్రిస్మస్‌కు ముందు మా ఇంటి సంగతి అయింది.

నాకు ఒక్కతే కూతురు. అల్లుడు పోయాక నా దగ్గరే ఉంటోంది. మా పేట ఆడవాళ్ళలో ఇరవైమంది దాకా దాని ముఠాలో ఉండేవాళ్ళు. కోతలకు, కలుపులకు, పత్తి తీతలకు దాని వెంటే ట్రాక్టరెక్కి పోయేవాళ్ళు. మాట కటువు, చెయ్యి చురుకు. ఆ రోజు మిరప చేలో పురుగుమందు కలిపేవాడు రాలేదని ఆసామి దీన్ని డ్రమ్ము దగ్గర నిలబెట్టాడు. కర్ర తీసుకుని కలుపుతుంటే డబ్బా జారి, భుజం నుంచి పాదం దాకా చీర తడిసింది. బట్టలు విప్పి కడుక్కోవాలని నేను దానికి పదిసార్లు చెప్పాను. చుట్టూ మగవాళ్ళున్న చేలో చీర విప్పి ఎక్కడ కడుక్కుంటుంది? నా చదువు ఎందుకు పనికొచ్చింది? ఆ తడి చీరతోనే మధ్యాహ్నం దాకా కలిపింది. అన్నం ముందు కూర్చుని పడిపోయింది. ఆటోలో గుంటూరు చేరేదాకా ఒళ్ళంతా కొట్టుకుంటూనే ఉందని ముఠావాళ్ళు చెప్పారు. గంట ప్రయాణం. గంట అని వినగానే నాకు ఎలుకలు గుర్తొచ్చాయి. కన్నకూతురు ఆస్పత్రిలో నోట్లో గొట్టం పెట్టించుకుని పడుంటే ఎలుకలు గుర్తొచ్చాయేమిటని నన్ను నేను తిట్టుకున్నాను.

బతికింది. విరుగుడు సూదుల మత్తులో రెండు రోజులు గోడ మీద లేని చీమలను ఏరింది. పంపించేరోజు డాక్టరును అడిగాను. "అయ్యా, ముందు ముందు ఫిట్స్ రాకుండా ఏదన్నా ఇవ్వండి."

"ఇప్పుడు రావట్లేదు కదయ్యా. వస్తే చూద్దాం."

వస్తే చూద్దాం! ఆ మాట మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, అదే గనక యార్డులో మూట మోసే వయసులో అయితే ఆ బల్ల ఎత్తి పడేసేవాణ్ణి. డాక్టరు తప్పేమీ లేదని ఇప్పుడు తెలుసు. ఇవ్వడానికి లేనిది ఎక్కడినుంచి ఇస్తాడు? కానీ నోరు తెరిచి చెప్పొచ్చుగా, లేదు అని. లేదు అంటే మాకు అర్థమవుతుంది. వస్తే చూద్దాం అంటే, అది రాదేమో అనుకుంటాం.

ఇంటికొచ్చాక నేను దాన్ని చూడడం మొదలుపెట్టాను. ఎలుకలకు మొదట పెద్ద ఫిట్ రాదు. నమలడం, చూపు నిలిచిపోవడం, తల ఆడడం, అలా మొదలవుతుంది. పొయ్యి దగ్గర కూర్చుని అది ఊరికే ఆలోచనలో పడితే చాలు, నేను లేచి ఎదురుగా వెళ్ళేవాణ్ణి.

"ఏంది నాన్నా, నన్ను ఎలుకను చూసినట్టు చూస్తన్నావు?"

"ఏం లేదులే."

"తోకేమన్నా మొలిచిందా? చెప్పు, జడలో దాచుకుంటా."

ఫిట్స్ ముందు ముందు రావచ్చన్న సంగతి దానికి చెప్పలేదు. పేటలో అంతా బాగుపడిందన్నారు. మా చర్చి గుళ్ళో పాస్టరు అయ్యగారు దాని చేత సాక్ష్యం చెప్పించారు. అది అందరి ముందు నిలబడి, చావు నుంచి లేచానని చెబుతుంటే, వెనక బెంచీలో కూర్చుని నేను వారాలు లెక్కపెట్టుకున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేడమ్ కొత్త జట్టు ఎలుకలను మొదలుపెట్టింది. పై అంతస్తులో తయారుచేసిన ఒక కొత్త మందు, ఫిట్ ఆగిన మర్నాటినుంచి రెండు వారాలు సగం ఎలుకలకు ఎక్కిస్తారు. మిగతా సగానికి ఉత్త నీళ్ళు. ఏ సూదిలో ఏముందో మేడమ్‌కు కూడా తెలియకూడదట. పైన వేరే అమ్మాయి నింపి, అంకెలు వేసి కిందికి పంపుతుంది. మనసులో ఒకటి కోరుకునే మనిషికి కళ్ళు అదే చూపిస్తాయని అలా పెట్టుకున్నారు.

నేను తలుపు దగ్గరే నిలబడి అడిగాను. "ఆ మందు మా అమ్మాయికి ఇవ్వమ్మా."

ఆవిడకు మా అమ్మాయి సంగతి తెలుసు. చేతి తొడుగులు తీసి పక్కన పెట్టింది. "అది ఎలుకకే మంచిదో చెడ్డదో నాకు తెలియదు బాబాయ్. మంచిదైతే ఇంకో జాతికి చూడాలి, విషమేమో చూడాలి, అప్పుడు మనుషులు. ఏళ్ళు పడుతుంది. నేను రిటైరయ్యేనాటికి కూడా తేలకపోవచ్చు."

"ఎలుకకున్న పాటి భాగ్యం మా పిల్లకు లేదా?"

"నీళ్ళు పడే ఎలుక కూడా ఉంది కదా బాబాయ్," అంది మెల్లగా.

కోపంగా ఊక బస్తా ఎత్తుకుని పోయాను. అప్పుడే ఆ నీచపు తెలివి నాకు పుట్టింది. అప్పుడది నీచంగా అనిపించలేదు, ధర్మంగానే అనిపించింది. మా అమ్మ నాటి నుంచి చూస్తున్నాను. మా పేటలో కామెర్లకు పసరు పోసినా, విరిగిన చేతికి కట్టు కట్టినా, ముందు అడిగేది పథ్యం ఏమిటని. పథ్యం చెప్పనివాణ్ణి వైద్యుడిగా లెక్కపెట్టేవాళ్ళు కాదు. మందు లోపలికి పోయి పని చెయ్యాలంటే దాని వెనక మెత్తటి తిండి పోవాలి. ఇక్కడేమో, అంత మందు ఎక్కించి, నాలుగు రోజులు తిండి ముట్టని ప్రాణులకు రాళ్ళలాంటి మేత గోళీలు పడేస్తున్నారు. ఎట్లా పనిచేస్తుంది? మా పిల్లకు పదేళ్ళ తర్వాత అందాల్సిన మందు, పథ్యం లేక ఇక్కడే ఓడిపోతుందని నాకు భయం పట్టుకుంది.

ఇక ఏవి మందు పడ్డవో నాకు ఎలా తెలుసంటారా? ఊక చెప్పింది. మందు పడ్డ ఎలుకల మూత్రం చిక్కటి పసుపు మచ్చ వేసేది. నీళ్ళు పడ్డవాటి మచ్చ ఎప్పటిలాగే లేతగా ఉండేది. చదువుకున్నవాళ్ళెవరూ ఊక ముట్టుకోరు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇంట్లో అమ్మాయి అప్పుడప్పుడే లేచి తిరుగుతోంది. పొద్దున్నే నూకల గంజి కాచి, కొంచెం పాలు, బెల్లం వేసి తను తాగి, నాకూ టిఫిన్ క్యారియర్‌లో పోసి ఇచ్చేది. నేను అందరికంటే ముందు వెళ్ళి, మందు సీసాల మూతల్లో ఆ గంజి పోసి, పసుపు మచ్చ ఉన్న బోనుల్లో పెట్టేవాణ్ణి. లేవలేనివాటిని అరచేతిలో పట్టుకుని చిటికెన వేలితో నాకించేవాణ్ణి. తర్వాత చీమలు పట్టకుండా మూతలు కడిగి ఎత్తిపెట్టేవాణ్ణి. నీళ్ళు పడ్డవాటికి పెట్టలేదు. మందే లేనిదానికి పథ్యం దేనికి?

మిరప మొదటి కోతల కాలానికి ఏ అంకె మందుదో, ఏది నీళ్ళదో విప్పి చూశారు. మందు పడ్డ ఎలుకలు బరువు నిలబెట్టుకున్నాయి, చాలావాటికి ఫిట్స్ రాలేదు, వచ్చినవాటికీ తక్కువే. మేడమ్ కారిడార్‌లో పరుగెత్తుకుంటూ వచ్చింది. "బాబాయ్! ఇది గనక నిలబడితే..." అని, మాట పూర్తి చెయ్యకుండా నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు ఊక కంపు కొడుతున్నా వదల్లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మొదటిసారి అమ్మాయికి అంతా చెప్పాను. ఫిట్స్ ముందు ముందు రావచ్చని, మందొకటి దొరికిందని, ఎలుకలకు ఆగిందని.

"అయితే నాకూ వస్తాయా?"

"రావచ్చంటున్నా. రాకపోవచ్చు."

"వచ్చేలోపు మందొస్తదా?"

"వస్తది," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకు తెలియదు.

ఆ మాట పట్టుకుని మళ్ళీ ముఠా కట్టుకుని పోయింది. మిరప కల్లంలో ఎర్రటి కాయల గుట్టల మధ్య కూర్చుని తొడిమలు తీస్తుంటే, ఒక ఆదివారం నేను టీ తీసుకుని వెళ్ళాను. కాయ పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. చూపు నిలిచింది. పెదవులు ఏదో నములుతున్నట్టు కదిలాయి. పక్కనున్న ఆవిడ, "ఏందక్కా, మొగుడు గుర్తొచ్చాడా?" అని వేళాకోళం చేసింది. అందరూ నవ్వారు. నేను టీ కింద పెట్టి దాని ఎదురుగా వెళ్ళాను. కాసేపటికి అమ్మాయి చూపు కదిలి, "ఏంది అందరూ నవ్వుతన్నారు?" అంది.

కల్లాలు ముగిసేలోపు పెద్ద ఫిట్ కూడా వచ్చింది. ట్రాక్టరు ఎక్కుతూ వెనక్కి పడింది. తల పగల్లేదు, అదొక్కటే. ముఠావాళ్ళు మంచివాళ్ళే గానీ, ట్రాక్టరు మీద దాన్ని ఎక్కించుకోవడానికి భయపడ్డారు. నెల తిరక్కుండా వేరే ఆవిడ ముఠా నడపసాగింది. ఇప్పుడు డాక్టరు చూశాడు. మాత్రలు రాశాడు. పథ్యం ఏమిటని అడిగితే, ఏమీ లేదు, అన్నీ తినొచ్చు అన్నాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు నేను మళ్ళీ మేడమ్ దగ్గరికి వెళ్ళాను, మందు ఎంతవరకు వచ్చిందని. ఆవిడ బల్ల నిండా కాగితాలు పరుచుకుని కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి. ఇంకో ఊళ్ళో, ఇంకో కాలేజీలో అదే మందు అలాగే చేసి చూశారట. మందుకూ నీళ్ళకూ తేడా లేదట.

"మన దగ్గర ఎందుకు పనిచేసింది బాబాయ్? నీళ్ళు మారాయా? ఊక మారిందా?"

"అదే మిల్లు ఊకమ్మా."

"మేత మారిందా?"

"లేదమ్మా. ఆ గోళీలే."

నేను అబద్ధం చెప్పలేదు. నా లెక్కలో మేత వేరు, పథ్యం వేరు. ఆవిడ తల పట్టుకుంది. చూడలేక, ధైర్యం చెబుదామని అన్నాను, "వాళ్ళు పథ్యం పెట్టి ఉండరమ్మా. మనం పెట్టాం కాబట్టి పనిచేసింది."

ఆవిడ తలెత్తింది. "ఏం పెట్టాం?"

"గంజి. పాలు, బెల్లం వేసింది. మా అమ్మాయి కాచి ఇచ్చేది."

"అన్ని ఎలుకలకూనా?"

"అన్నిటికీ ఎందుకమ్మా? మందు పడ్డవాటికే."

"ఏవి మందు పడ్డవో నాకే తెలియదు. నీకెలా తెలుసు?"

"ఊకలో మచ్చ చెప్పేది గదా."

ఆవిడ ముఖం చూస్తుంటే నేను చేసిందేమిటో నాకు అర్థం కావడం మొదలైంది. ఎవరూ చెప్పకుండానే, యార్డులో మూట భుజం మీదికి దిగినట్టు మెల్లగా దిగింది. తిట్టలేదు ఆవిడ. తిడితే బాగుండేది. నోటుపుస్తకం తెరిచి, ఆ జట్టు పేజీలన్నిటి మీదా ఒక్కొక్కటిగా అడ్డగీత కొట్టింది.

"అయితే గంజి పనిచేసినట్టేగదమ్మా?" అన్నాను. ఇంకా పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి నాకు.

"ఏమో బాబాయ్. తిండి తిన్న ఎలుకలు కోలుకుని ఉంటాయి. నువ్వు చేతిలోకి తీసుకున్నందుకే కోలుకున్నాయేమో. ఎందుకన్నది ఇక చెప్పలేం. మందుకు మాత్రం కాదు." "తప్పు నాది కూడా. ఒక్కరోజైనా ఊక నేను చూసుకోవలసింది," అంది.

వచ్చిన ఫలితం తప్పని అందరికీ ఉత్తరాలు రాసింది. జరిగింది జరిగినట్టే రాసిందట. నా పేరు మాత్రం రాయలేదట. నాకు మాత్రం రాసి ఉంటే బాగుండేదనిపించింది. పురుగుమందు అమ్మినవాణ్ణి, కలపమన్న ఆసామిని, వస్తే చూద్దామన్న డాక్టరును ఇన్నాళ్ళు తిట్టుకుంటూ వచ్చాను. ఆ వరుసలో నిలబడాల్సినవాణ్ణి నేనూ ఉన్నాను. ఆ మందు పనికిరానిదని ముందే తేలి ఉంటే, ఆ నెలలన్నీ మేడమ్ ఇంకోదాన్ని వెతికేది. ఆ నెలలు నేను తినేశాను, కాదు, తినిపించేశాను.

మేడమ్ గీతలు కొట్టిన ఆ రాత్రి అమ్మాయికి చెప్పలేకపోయాను. మర్నాడు పొద్దున, అమ్మాయి పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు కాబట్టి నేను గంజి కాస్తుంటే, మంచం మీదినుంచి తనే అడిగింది.

"ఎలుకల మందు ఎంతదాకా వచ్చింది నాన్నా?"

గంజి కలుపుతూనే అంతా చెప్పాను. మచ్చ, మూతలు, చిటికెన వేలు, అడ్డగీత. విని మొదట పకపకా నవ్వింది. పడిపోయాక అది అంతగా నవ్వడం అదే.

"నీకని కాచి ఇస్తే నా గంజి ఎలుకలు తాగినయ్యా! ఇంకా నువ్వు రోజూ గిన్నె నాకినట్టు తెస్తన్నావేంది అనుకున్నా."

నేనూ నవ్వబోయాను. అప్పటికే దాని నవ్వు ఆగిపోయింది. చేతిలోని గ్లాసు వంక చూసుకుంటోంది.

"మరి నేనూ అదే తాగాగా నాన్నా. ఆ రోజుల్లో. రోజూ."

పొయ్యిలో పుల్ల ముందుకు తోశాను.

మాత్రలు వేసుకుంటోంది. వేసుకున్నా నెలకొకటి రెండుసార్లు వస్తూనే ఉంది. నేనింకా ఎలుకల ఇంటికి పోతున్నాను. మేడమ్ ఇంకో మందు మొదలుపెట్టింది. ఈసారి నీళ్ళ సూదుల్లో కూడా ఏదో రంగు కలిపిస్తోంది. ఏ బోను ఊక తీసినా మచ్చ ఒకేలా చిక్కటి పసుపుగా ఉంటుంది. తిండి ముట్టకుండా మూలకు ముడుచుకున్నవాటిని చూస్తూ, కొత్త ఊక పోసి, చెయ్యి వెనక్కి తీసుకుంటాను. మధ్యాహ్నం వరండాలో కూర్చుని క్యారియర్‌లో గంజి నేనే తాగుతాను, అడుగున ఒక్క మెతుకు మిగల్చకుండా.